కాలవగట్టు మీది గడ్డిచేమంతిని రూఢిగా గుర్తించడం ఎలా

గోదావరి డెల్టాలో ఏ కాలవగట్టు ఎక్కినా, ఏ పుంతలో నాలుగడుగులు వేసినా, బడి ఆవరణలో గోడ వారగా చూసినా, నేల మీద పాకుతూ, సన్నటి నిలువు కాడ చివర ఒంటిగా ఒక లేత పసుపు పువ్వు నిలబెట్టుకున్న చిన్న మొక్క కనిపిస్తుంది. అదే గడ్డిచేమంతి. ఆకు పసరును దెబ్బలకు పిండే అలవాటు ఉన్నందువల్ల దాన్ని గాయపాకు అనీ, పిల్లలు పలకలకు రుద్దినందువల్ల పలకాకు అనీ కూడా అంటారు. శాస్త్రంలో దాని పేరు ట్రైడాక్స్ ప్రోకంబెన్స్. ఈ పేరును లిన్నేయస్ 1753లో ప్రకటించాడు. పుట్టిల్లు మధ్య అమెరికా అయినా ఇప్పుడు మన నేలలో పూర్తిగా స్థిరపడిపోయింది. వృక్షశాస్త్రం చదివినవారిలో చాలామందికి చేమంతి కుటుంబానికి, అంటే ఆస్టరేసికి, ఉదాహరణగా పరిచయమైనది ఈ మొక్కే.

ఇంత పరిచయమున్న మొక్కను గుర్తించడానికి ఒక పద్ధతి అవసరమా అని మీకు అనిపించవచ్చు. అవసరమే. డెల్టాలో ఈ మొక్క పక్కనే వయ్యారిభామ, గుంటగలగర, పసుపు గుంటగలగర, తోటల్లోంచి బయటపడిన వెడీలియా పెరుగుతుంటాయి, ఇవన్నీ కూడా చేమంతి కుటుంబానివే. పువ్వు రంగును దూరం నుంచి చూసి పేరు పెట్టేవారు వీటిలో దేన్నయినా గడ్డిచేమంతి అనుకునే అవకాశం ఉంది, అలా అనుకుని ఆకు తెంపి పుండు మీద పెట్టుకునేవారూ ఉన్నారు. అందువల్ల రంగును చివరికి వదిలి, నూగు, ఆకుల అమరిక, పూకాడ, పువ్వులోని భాగాలు, గింజ అనే వరుసలో చూడమని నా సూచన.

కావలసినవి, వెళ్లవలసిన వేళ

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, మిల్లీమీటర్ల గుర్తులున్న స్కేలు, ఒక గుండుసూది, ఒక కొత్త బ్లేడు, పాత దినపత్రికలు, నోటుపుస్తకం, పెన్సిలు ఉంటే చాలు. భూతద్దం లేకుండా ఈ పని సగం దాకా మాత్రమే చేయగలరు. సెల్‌ఫోన్ కెమెరా దానికి కొంత సాయం చేస్తుంది గాని పూర్తిగా ప్రత్యామ్నాయం కాదు. చేతికి పలచటి తొడుగులు వేసుకోండి, కారణం కింద చెబుతాను. చేలగట్ల మీద, గడ్డి ఒత్తుగా ఉన్న బోదెల పక్కన పాములు ఉంటాయి కాబట్టి కాలికి బూట్లు, చేతిలో కర్ర లేకుండా దిగవద్దు.

గడ్డిచేమంతి ఏడాది పొడవునా పూస్తుంది. అయినా నేర్చుకునేవారికి అన్నిటికంటే అనువైన కాలం సార్వా, అంటే వానాకాలపు వరి, కోతలు అయిన తరవాత, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. అప్పుడు గట్ల మీద తడి ఇంకా ఉంటుంది, ఎండ తగులుతుంది, ఒకే మొక్క మీద మొగ్గ, విచ్చిన పువ్వు, ఆరిన గింజల గుత్తి మూడూ దొరుకుతాయి. వేసవిలో కాలవలకు నీళ్లు ఆపేశాక ఆకులు చిన్నవై, మాడి, రూపం మారిపోతుంది కాబట్టి మొదటి పాఠానికి ఆ కాలాన్ని ఎంచుకోకండి. ఉదయం ఎనిమిది నుంచి పది గంటల మధ్య వేళ మంచిది.

నేలను చూడండి

ఈ మొక్కకు ఎండ కావాలి, నీరు నిలవని నేల కావాలి. అందువల్ల డెల్టాలో దీన్ని వరిమడి లోపల వెతకడం వృథా. ఏటిగట్టు భుజాలు, రోడ్డు అంచులు, రైలు కట్ట మీది కంకర, గుడి ప్రాకారాల వారన ఉన్న గట్టి నేల, ఇసుక కలిసిన లంక భూములు, కోనసీమలో కొబ్బరిచెట్ల మధ్య ఎండ పడే జాగాలు దీనికి ఇష్టమైన చోట్లు. అదే గట్టు దిగువన, బోదె తడి తగిలే చోట, కాళ్లు దిగబడే బురదలో ఇలాంటి మొక్క కనిపిస్తే అది గుంటగలగర కావచ్చని ముందే అనుమానించండి. నేలను బట్టి పేరు తేల్చడం కుదరదు, కాని ఏ మొక్కను అనుమానించాలో నేల చెబుతుంది.

ముట్టుకోకముందు చూడవలసినది

మొదట మొక్క మొత్తాన్ని నిలబడి చూడండి. గడ్డిచేమంతి కాండం నేల మీద వాలి పాకుతుంది, కొమ్మల చివర్లు మాత్రం పైకి లేస్తాయి. పూకాడ కలుపుకున్నా మోకాలు ఎత్తును మించడం అరుదు. మీ ముందున్న మొక్క నిటారుగా నడుము ఎత్తు పెరిగి, పై భాగమంతా కొమ్మలు వేసి, ఆ కొమ్మల చివర మిరియపు గింజంత తెల్లటి పూలు గుంపులుగా ఉండి, ఆకులు కారెట్ ఆకుల్లా సన్నగా చీలి ఉంటే అది వయ్యారిభామ. దాన్ని కాంగ్రెస్ గడ్డి అనీ అంటారు, శాస్త్రనామం పార్థీనియం. ఇది తగిలితే కొందరికి చర్మం మీద దద్దుర్లు, తీవ్రమైన దురద వస్తాయి, పుప్పొడి పీల్చడంవల్ల తుమ్ములు, ఆయాసం కూడా రావచ్చు. చేతి తొడుగులు ఇందుకే. లేత వయ్యారిభామ నేలకు అంటుకుని ఆకులు చక్రంలా పరుచుకుని ఉంటుంది, పువ్వు కూడా ఉండదు కాబట్టి ఎత్తును నమ్మకండి. చీలిన ఆకు కనిపిస్తే ఆగిపోండి. గడ్డిచేమంతి ఆకు అంచు లోతుగా కోసుకుపోయినా, ఈకలా సన్నటి పాయలుగా ఎప్పుడూ విడిపోదు.

నూగును పరీక్షించండి

వయ్యారిభామ కాదని తేలాక తొడుగు తీసి, కాండాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని కింది నుంచి పైకి మెల్లగా జరపండి. గడ్డిచేమంతి కాండం మీద గరుకైన తెల్లటి నూగు బయటికి పొడుచుకుని నిలబడి ఉంటుంది. ఆకు రెండు వైపులా, పూకాడ పొడవునా, పువ్వు కింది ఆకుపచ్చని దొప్ప మీద కూడా ఇదే నూగు ఉంటుంది. భూతద్దంతో చూస్తే ఆకు మీది ఒక్కొక్క వెంట్రుక మొదలు ఉబ్బి, చివర సన్నగా ఉండటం కనిపిస్తుంది. ఆ ఉబ్బిన మొదళ్లవల్లే ఆకు గరుకుగా తగులుతుంది. ఈ నూగు గుచ్చుకోదు, దురదగొండిలా మంట పుట్టించదు.

గుంటగలగర కాండానికీ నూగు ఉంటుంది గాని అది కాండానికి అతుక్కుని పడుకుని ఉంటుంది. నిలబడిన నూగుకూ, పడుకున్న నూగుకూ ఉన్న ఈ తేడా పువ్వు లేని రోజుల్లో మీకు దొరికే మంచి ఆధారం. దీన్ని కళ్లతో పోల్చడానికి కాండాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టుకుని అంచును చూడండి. నిలబడిన నూగు అంచు పొడవునా వెలుగులో మెరుస్తుంది.

ముళ్లున్న మొక్క అనగానే మన వైపు చాలామందికి బ్రహ్మదండి గుర్తుకు వస్తుంది. దాని ఆకుల అంచున నిజమైన ముళ్లు ఉంటాయి, తుంచితే పసుపుపచ్చని పాలు కారతాయి. అది గసగసాల కుటుంబానిది, మన పరిశీలనకు సంబంధం లేనిది.

ఇక్కడే మరో చిన్న పరీక్ష చేయండి. కాండాన్ని తుంచి ఒక క్షణం ఆగండి. గడ్డిచేమంతికి పాలు కారవు. తెల్లటి పాలు వస్తే మీ చేతిలో ఉన్నది చేమంతి కుటుంబంలోనే మరో శాఖకు చెందిన మొక్క. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు ఇసుక మీద తీగలు సాగి, పసుపు పూలు పూసే లానియా అలాంటిదే; దానికి పాలు ఉంటాయి, ఈ గరుకు నూగు ఉండదు.

ఆకులు, కణుపులు

ఆకులు కణుపు కణుపుకూ రెండేసి ఎదురెదురుగా ఉండాలి. సహదేవి, వయ్యారిభామ వంటివాటిలో ఒకటి విడిచి ఒకటిగా ఉంటాయి కాబట్టి ఈ ఒక్క లక్షణంతో చాలా మొక్కలు పక్కకు తప్పుకుంటాయి. గడ్డిచేమంతి ఆకు సాధారణంగా 3 నుంచి 6 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది, తొడిమ పొట్టిగా ఉంటుంది, ఆకు మొదట సన్నగా మొదలై మధ్యలో వెడల్పయి చివర మొనదేలుతుంది. అంచున పెద్ద పెద్ద పళ్లు సమానం లేకుండా ఉంటాయి. కొన్ని ఆకుల్లో పక్కనున్న రెండు పళ్లు బాగా పెరిగి ఆకు మూడు పాయలుగా, బాణపు మొనలా కనిపిస్తుంది. నీడన పెరిగినదానికి ఆకు పెద్దదిగా, పలచగా ఉంటుంది, ఎండలో గట్టి నేల మీద పెరిగినది చిన్న ముదురాకులతో ఉంటుంది. ఈ రెండూ వేర్వేరు మొక్కలని తొందరపడవద్దు. నేలకు ఆనిన కణుపులను ఎత్తి చూస్తే అక్కడ వేళ్లు దిగి ఉండటం కూడా గమనించవచ్చు.

పువ్వును విప్పి చూడటం

అసలు పరిశీలన ఇక్కడ మొదలవుతుంది, దీనికి తొందరపడకుండా అరగంట కేటాయించండి.

ముందు పూకాడను కొలవండి. గడ్డిచేమంతిలో ప్రతి పువ్వూ ఒక్కొక్క కాడ మీద ఒంటిగా ఉంటుంది. ఆ కాడ ఆకులు లేకుండా, సన్నగా, నిటారుగా, 10 నుంచి 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మొక్క నేలబారుగా ఉండి పువ్వు మాత్రం గడ్డిని దాటి పైన నిలబడటం ఈ కాడవల్లే.

మనం పువ్వు అని పిలిచేది నిజానికి అనేక చిన్న పూల గుత్తి. చేమంతి, బంతి, పొద్దుతిరుగుడు పూలలోనూ ఇదే నిర్మాణం. ఒక పూర్తిగా విచ్చిన గుత్తిని కోసి, బ్లేడుతో నిలువుగా మధ్యకు చీల్చి, తెల్ల కాగితం మీద పెట్టి, భూతద్దం కింద బయటి నుంచి లోపలికి చూస్తూ రండి.

అన్నిటికంటే బయట, పువ్వుకు అడుగున, గంట ఆకారంలో ఆకుపచ్చని దొప్ప ఉంటుంది. అది పుచ్ఛాలు అనే చిన్న చిన్న ఆకులాంటి భాగాలు వరసలుగా అమరగా ఏర్పడింది. బయటి పుచ్ఛాల మీద నూగు స్పష్టంగా ఉంటుంది.

దాని లోపల అంచున ఉన్న రేకులను లెక్కపెట్టండి. ఇవి ఎక్కువగా ఐదు ఉంటాయి. మూడు నుంచి ఎనిమిది దాకా ఉండవచ్చు కాబట్టి నాలుగు కనిపించాయని మొక్కను తోసిపుచ్చకండి. రంగు మీగడ తెలుపు నుంచి లేత పసుపు దాకా మారుతుంది. రేకు పొట్టిగా, దాదాపు పొడవెంతో వెడల్పూ అంత ఉండి, చివర రెండు గాని మూడు గాని గంట్లు పడి ఉంటుంది. ఈ గంట్లు కంటికే కనిపిస్తాయి, గడ్డిచేమంతికి ఇది గట్టి గుర్తు. ప్రతి రేకూ ఒక పూర్తి చిన్న పువ్వు, దాన్ని కిరణ పుష్పకం అంటారు. సూదితో ఒకదాన్ని మొదలంటా లాగి చూస్తే దానిలో కీలం (ఆడ భాగపు సన్నటి కాడ), కీలాగ్రం (దాని కొన) మాత్రమే కనిపిస్తాయి, పుప్పొడినిచ్చే కేసరాలు ఉండవు. అంటే అది ఆడ పువ్వు.

మధ్యలో ఒత్తుగా ఉన్న ముదురు పసుపు గొట్టాలు బింబ పుష్పకాలు. ఒకదాన్ని లాగి చూడండి. గొట్టం పై అంచు ఐదు చిన్న మొనలుగా విచ్చుకుని ఉంటుంది. పుప్పొడి ఉండే ఐదు పరాగకోశాలు ఒకదానికొకటి అతుక్కుని గొట్టంలా నిలబడి, వాటి మధ్యలోంచి కీలం పైకి వచ్చి రెండుగా చీలి వంకర తిరిగి ఉంటుంది. ఇవి ద్విలింగ పుష్పాలు, అంటే ఆడ, మగ భాగాలు రెండూ ఉన్నవి. బయటి వరస ముందు విచ్చుకుంటుంది, మధ్యవి ఆఖరున విచ్చుకుంటాయి కాబట్టి ఒకే గుత్తిలో మొగ్గలూ, వాడిన పూలూ కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు.

పుష్పకాల మధ్యలో పలచటి పొలుసులు కూడా తగులుతాయి. ఒక్కొక్క బింబ పుష్పకానికి ఒక పొలుసు తోడుగా ఉంటుంది. పొలుసులు కనిపించడం మన నిర్ణయానికి బలం చేకూర్చే లక్షణమే గాని వెడీలియాలోనూ ఇవి ఉంటాయి కాబట్టి ఒక్క దానినే పట్టుకోకూడదు.

గింజ దగ్గర అనుమానం తీరుతుంది

పువ్వు వాడి, దొప్ప వెనక్కి విరుచుకున్న కాడను వెతకండి. దాని చివర గోధుమ తెలుపు రంగులో మెత్తటి గుండ్రటి గుత్తి ఉంటుంది, ఊదితే విడిపోయి గాలిలో తేలుతుంది. ఒక గింజను తీసి భూతద్దం కింద పెట్టండి. గింజ నల్లగా, సుమారు 2 మిల్లీమీటర్ల పొడవుతో, మెత్తని వెంట్రుకలతో ఉంటుంది. దాని తల మీద చుట్టూ కుచ్చులా నిలబడిన గట్టి పోచలను కేశగుచ్ఛం అంటారు. ఒక్కొక్క పోచకూ రెండు వైపులా మళ్లీ సన్నటి నూగు ఉండి ఈకలా కనిపించాలి. పోచల్లో పొడవువీ పొట్టివీ కలిసి ఉంటాయి. పాఠ్యపుస్తకాలు సిప్సెలా అని చెప్పే ఫలం ఇదే, గాలితో వ్యాపించే ఫలాలకు ఇచ్చే ఉదాహరణా ఇదే.

గుంటగలగర గింజకు ఇలాంటి కుచ్చు ఉండదు. పసుపు గుంటగలగరకూ, వెడీలియాకూ తల మీద ఈకల కుచ్చు ఉండదు. వయ్యారిభామకూ ఉండదు. సహదేవికి తెల్లటి కుచ్చు ఉంటుంది గాని దాని పూలు ఊదా రంగువి, అంచున రేకులు ఉండవు. అందుకే పువ్వు ఒక్కటే దొరికిన మొక్కకంటే గింజ కూడా దొరికిన మొక్క మీద నిర్ణయం తీసుకోవడం నాకు ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది. గింజ లేకపోతే ఆ చోటును గుర్తు పెట్టుకుని కొన్నాళ్లు ఆగి మళ్లీ వెళ్లండి. ఆ మొక్క ఎక్కడికీ పోదు.

పక్కనే పెరిగే పోలికలు

గుంటగలగర గురించి ఇప్పటికే కొంత చెప్పాను. దాని పువ్వు చిన్నది, సెంటీమీటరుకు లోపే ఉంటుంది, అంచున చాలా సన్నటి తెల్లటి రేకులు లెక్కకు మించి ఉంటాయి, మధ్య భాగం కూడా తెల్లగానే ఉంటుంది. ఆకులు సన్నగా, పొడవుగా, దాదాపు తొడిమ లేకుండా ఉంటాయి. లేత కాండాన్ని నలిపి కాసేపు ఉంచితే పసరు నల్లబడుతుంది. గడ్డిచేమంతిలో ఆ నలుపు తిరగడం కనిపించదు.

పసుపు గుంటగలగర ఎక్కువ తికమక పెడుతుంది, ఎందుకంటే దానికీ పొడవైన కాడ మీద ఒంటి పువ్వే ఉంటుంది. అయితే రేకులూ మధ్య భాగమూ కూడా నిండు పసుపు రంగులో ఉంటాయి, ఆకు అంచు దాదాపు నునుపుగా లేదా కొద్దిపాటి పళ్లతో ఉంటుంది, నూగు పడుకుని ఉంటుంది, ఉండేది తడి నేలలో.

వెడీలియాను అలంకారం కోసం తోటల్లో నేల కప్పడానికి నాటుతారు, అక్కడి నుంచి అది కాలవగట్ల మీదికి పాకింది. ఆకు మూడు పాయలుగా ఉండటంవల్ల గడ్డిచేమంతి అని భ్రమపడతారు. దాని ఆకు మాత్రం దళసరిగా, మెరుస్తూ ఉంటుంది, పువ్వు నిండు పసుపుగా, పెద్దగా, సాధారణంగా ఎనిమిదికి తక్కువ కాని రేకులతో ఉంటుంది, కాడ పొట్టిది. అది పెరిగిన చోట నేల కనపడనంత దట్టమైన తివాచీ అవుతుంది. గడ్డిచేమంతి గడ్డితో కలిసి అక్కడక్కడా విడివిడిగా పెరుగుతుంది.

కణుపుల దగ్గరే, కాడ లేకుండా, చిన్న పసుపు పూలు గుచ్చినట్లు అంటుకుని ఉంటే అది సినెడ్రెల్లా. దీన్ని వేరు చేయడానికి భూతద్దం కూడా అక్కరలేదు.

ఫోన్‌ను ఎంతవరకు నమ్మాలి

ఫొటో చూసి మొక్క పేరు చెప్పే యాప్‌లు ఇప్పుడు అందరి దగ్గరా ఉన్నాయి. వాటిని వాడటం తప్పు కాదు, కాని పువ్వును పైనుంచి తీసిన ఒక్క ఫొటోతో వచ్చిన పేరును అనుమానంగానే స్వీకరించండి. మొక్క మొత్తం, ఆకు పై వైపు, అడుగు వైపు, కణుపు, పూకాడను పక్క నుంచి, పువ్వు అడుగున ఉన్న దొప్ప, గింజల గుత్తి, ఇలా విడివిడిగా ఫొటోలు తీయండి. పక్కన స్కేలు ఉంచండి. యాప్ చెప్పిన పేరుకూ మీరు చూసిన లక్షణాలకూ పొంతన కుదరకపోతే మీ భూతద్దాన్నే నమ్మండి.

నిర్ణయం తీసుకునే ముందు మీ నోటుపుస్తకంలో ఐదు విషయాలు ఒకే మొక్క మీద చూసినట్లు రాసి ఉండాలి: బయటికి నిలబడిన గరుకు నూగు, ఎదురెదురు పళ్ల ఆకులు, ఆకులు లేని పొడవాటి కాడ మీద ఒంటి పువ్వు, చివర గంట్లు పడిన కొద్దిపాటి లేత రేకులు, ఈకల కుచ్చున్న నల్లటి గింజ. ఒక్కటి లేకపోయినా పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

గాయాలకు వాడేవారికి ఒక మాట. మొక్కను సరిగ్గా గుర్తించడం, దాన్ని పుండు మీద పెట్టడం పూర్తిగా వేరు వేరు సంగతులు. రోడ్డు అంచున, చేలగట్టున పెరిగిన ఆకు మీద దుమ్ము, మట్టి, పైరుకు కొట్టిన పురుగుమందు ఉంటాయి. లోతైన గాయం, తుప్పు ఇనుము గుచ్చుకున్న గాయం, మట్టి చేరిన గాయం అయితే సబ్బునీటితో కడిగి, ధనుర్వాతం టీకా కోసం నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

నమూనాను భద్రపరచడం

పువ్వు, గింజ రెండూ ఉన్న ఒక కొమ్మను వేళ్లున్న కణుపుతో సహా తీసి, దినపత్రిక మడతల మధ్య పరిచి, ఒక ఆకు పై వైపూ మరొక ఆకు అడుగు వైపూ కనిపించేలా సర్ది, బరువు పెట్టండి. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మొదటి వారం రోజూ కాగితాలు మార్చకపోతే బూజు పడుతుంది. ఆరిన కొమ్మను దళసరి కాగితానికి దారంతో కుట్టి, కింద చీటీ అంటించండి. చీటీలో తేదీ, ఊరు, మండలం, కాలవ లేదా గట్టు పేరు, నేల ఎలాంటిది, ఎండా నీడా, పువ్వు తాజాగా ఉన్నప్పటి రంగు రాయండి. ఆరాక లేత పసుపు గోధుమ రంగుకు తిరుగుతుంది కాబట్టి రంగును అక్కడే రాసుకోవాలి. విడిపోయిన గింజలను చిన్న కాగితపు పొట్లంలో మడిచి అదే అట్ట మీద అంటించండి. తిరిగి బయలుదేరే ముందు బట్టలకు, సంచికి అంటుకున్న కుచ్చులను గట్టు మీదే దులిపేస్తే అవి మీ పెరటికి చేరవు.